ఆర్పకూడని ఎర్ర చుక్క

పోయిన వారం పత్రికను పక్కింటివాళ్ళు పట్టుకుపోయి ఇంకా తిరిగి ఇవ్వనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి, ఆపైన పెనీనా వంటింట్లోకి వెళ్దాం.

మెల్‌బోర్న్‌లో, బాలక్లావా పేటలో, పెనీనా ఇంటర్నెట్‌లో ఆడవాళ్ళ కోసం ‘వష్తి వాకిలి’ అనే పత్రిక నడుపుతోంది. వష్తి అంటే బైబిల్లో ఎస్తేరు కథలో మొదటి రాణి. తాగి కూర్చున్న మగవాళ్ళ ముందుకొచ్చి అందం చూపించమని రాజు కబురు పెడితే రానని చెప్పి కిరీటం పోగొట్టుకున్న మనిషి. ఆ కిరీటం తరవాత ఎస్తేరుకి దక్కింది. పెనీనా చెల్లెలు అయాలా. అయాలా మొగుడు నదావ్ నాలుగేళ్ళ కిందట భార్యనీ, మూడేళ్ళ కూతురు ఓర్లీనీ వదిలేసి లండన్ వెళ్ళి కూర్చున్నాడు. వెళ్ళినవాడు గెట్, అంటే మా యూదుల విడాకుల కాగితం, ఇవ్వలేదు. కోర్టు ఇచ్చిన విడాకులు మా మతగురువులు రబ్బీల దగ్గర చెల్లవు. మొగుడు తన ఇష్టంతో, తానే వచ్చో దూతను పంపో, ఆ గెట్ కాగితాన్ని పెళ్ళాం దోసిట్లో వేయాలి. అంతవరకూ ఆమె అతని ఆలే. అతను సముద్రాలవతల ఉన్నా సరే, ఆమె ముసలిదైపోయినా సరే.

పోయిన వారం పెనీనాకు ఓపిక నశించింది. పేరు పెట్టి, ఊరు పెట్టి, ‘ఆ కాగితం ఇవ్వు నదావ్’ అని పత్రికలో రాసేసింది. దాంతో పేట రెండుగా చీలింది. బేకరీలో ఆమెకు నమస్కారం పెట్టేవాళ్ళు కొందరు, ఆమెను చూడగానే రొట్టెల ధరలు శ్రద్ధగా చదవడం మొదలుపెట్టేవాళ్ళు కొందరు.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రం. పొద్దు గుంకగానే షబ్బాత్, అంటే ఏ పనీ ముట్టకూడని మా విశ్రాంతి రోజు, మొదలవుతుంది. షబ్బాత్ దీపాల వేళకు ఇంకా కొంచెం వ్యవధి ఉంది.

ప్రతి శుక్రవారం ఈ వేళకు పెనీనా వంటింట్లోంచే కాసేపు లైవ్ ఇస్తుంది. వంట పుస్తకాల అలమరాలో లాప్‌టాప్ పెట్టి, చేత్తో ఏదో ఒక పని చేసుకుంటూ మాట్లాడుతుంది. కళ్ళజోడు ఎప్పుడూ ఎక్కడో పెట్టి మరిచిపోయే మనిషి కాబట్టి తెర మీద అక్షరాలు గోడ మీద పోస్టరంత పెద్దవి చేసి పెట్టుకుంది. వినేవాళ్ళలో సగంమంది పరదేశాల వాళ్ళే. ఇక్కడ పొద్దు గుంకుతుంటే లండన్‌లో అప్పుడే కాఫీలు కలుపుకుంటుంటారు, జెరూసలేంలో కూరగాయలు కొనుక్కుంటుంటారు, న్యూయార్క్‌లో నిద్ర పట్టనివాళ్ళు మాత్రం లేచి ఉంటారు.

“వచ్చే వారం పూరీమ్, మన ఎస్తేరు పండగ కదా. మీ పిల్లలు ఏ వేషం వేస్తున్నారు?” అని అడుగుతోంది పెనీనా, గసగసాల ముద్ద పెట్టి, ఎస్తేరు కథలో దుర్మార్గుడి పేరు మీద చేసే హామాను చెవుల బిస్కెట్లు మడుస్తూ. “మా వీధి నిండా ఎస్తేర్లే. ఒక్క వష్తి లేదు. రానని చెప్పినదాని వేషం ఎవరికి కావాలి? రమ్మంటే వచ్చి, నవ్వమంటే నవ్వి, మంచి మాటలతో పని జరిపించుకున్న పిల్లే మనకి ముద్దు. నేను ఎస్తేరుని తిట్టడం లేదు. పాపం, దానికి వేరే దారి లేదు. మనకీ లేదా అని అడుగుతున్నాను, అంతే.”

తెర మీద జవాబులు వచ్చి పడుతున్నాయి. ‘మా ఇంట్లో నేనే వష్తిని, నిన్న రాత్రి గిన్నెలు కడగనన్నాను’ అని జొహానెస్‌బర్గ్ నుంచి ఒకావిడ. ‘పండగొస్తే వాళ్ళకి ప్రార్థనలు, మనకి పాత్రలు’ అని ఇంకొకావిడ. ‘ఇంటి గుట్టు వీధిలో పెట్టేవాళ్ళా మాకు పండగల గురించి చెప్పేది’ అని పేరు లేని ఒకరు.

ఆ చివరిది పెనీనా గట్టిగా చదివింది. “గుట్టు బయటపడితే ఎవరి పరువు పోతుందో, దాచమనేది ఎప్పుడూ వాళ్ళే. గమనించారా?”

అప్పుడే వెనక తలుపు తోసుకుని అయాలా వచ్చింది. చేతిలో బంగారు రంగు కాగితంతో చేసిన చిన్న కిరీటం ఉంది, ఒక పక్క నలిగిపోయి.

“బడి నాటకంలో ఓర్లీకి ఎస్తేరు వేషం తీసేశారక్కా. వేరే పాపకి ఇచ్చారట.”

“ఎవరు తీసేశారు?”

“బడి వాళ్ళు. ఎందుకని అడిగాను. ‘ఇప్పుడు మీ కుటుంబం పేరు నలుగురి నోళ్ళలో నానుతోంది కదా, ఈ ఏడాదికి వద్దులెండి’ అంది టీచరు. ఎంత మెత్తగా చెప్పిందనుకున్నావు. నాకే ఏదో మేలు చేస్తున్నట్టు.”

“ఓర్లీ ఏమంది?”

అయాలా కిరీటాన్ని బల్ల మీద పెట్టి నలిగిన చోట వేలితో సాపు చేసింది. “‘నాన్న నాటకం చూడ్డానికి రాడు కాబట్టి ఇవ్వలేదా అమ్మా’ అంది.”

పెనీనాకు ఒళ్ళు మండిపోయింది. పారిపోయింది వాడు, కిరీటం పోయింది ఏడేళ్ళ పిల్లకి. ఆ టీచరుని, ఆ బడిని, ఆ బడికి పెద్దమనుషులుగా కూర్చున్నవాళ్ళని వరసపెట్టి కడిగేసింది. కడుగుతుండగానే పొయ్యిలోంచి మాడు వాసన వచ్చింది. రొట్టెలు బయటికి లాగేసరికి గడియారం దీపాల వేళ చూపిస్తోంది. పెనీనా మొగుడు అప్పటికే పిల్లల్నీ ఓర్లీనీ వెంటబెట్టుకుని సాయంత్రం ప్రార్థనకు మా మందిరం షూల్‌కి వెళ్ళిపోయాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ హడావుడిగా తలకు గుడ్డలు కప్పుకుని, కొవ్వొత్తులు వెలిగించి, అరచేతులతో కళ్ళు మూసుకుని ఆశీర్వాదం చదివారు.

కళ్ళు తెరిచిన పెనీనాకు కొవ్వొత్తుల వెనకాల, వంట పుస్తకాల మధ్య, ఎర్ర చుక్క కనపడింది. లైవ్ ఆపలేదు.

ఇక ఆపడానికి లేదు. దీపం వెలిగించిందంటే షబ్బాత్ లోపలికి వచ్చినట్టే. మీట నొక్కడమంటే నిప్పు ముట్టుకోవడమే. రేపు సాయంత్రం చుక్కలు పొడిచేదాకా ఆ యంత్రం జోలికి పోకూడదు. ఆఫ్రికా నుంచి, యూరప్ నుంచి ఆడవాళ్ళంతా ఆమె కంటే ముందే గమనించినట్టున్నారు. ‘పెనీనా, కెమెరా’ అని ఒకరు. ‘ఇప్పుడు చెప్పి ఏం లాభం, వాళ్ళకి షబ్బాత్ వచ్చేసింది’ అని ఇంకొకరు. ‘పక్కింట్లో క్రైస్తవులుంటే ఎవరైనా ఫోన్ చేసి పంపించండి, వాళ్ళకి ఈ పట్టింపు లేదు, ఆపేస్తారు’ అని మూడో ఆవిడ. పెనీనాకు నవ్వొచ్చింది. పోనీలే, ఖాళీ వంటిల్లు చూసి చూసి వాళ్ళే విసుగుపుట్టి పోతారనుకుంది.

ముందు తలుపు మీద ఎవరో కొట్టారు. గంట నొక్కలేదంటే మనవాళ్ళే అన్నమాట.

వచ్చింది గుస్తా. నదావ్ తల్లి, అయాలా అత్తగారు. అరవై దాటిన మనిషి. బయట తుంపర పడుతోంది. షబ్బాత్‌లో గొడుగు తెరవకూడదు కాబట్టి నాలుగు వీధులూ తడుస్తూనే నడిచి వచ్చింది. పెళ్ళైన ఆడవాళ్ళు సొంత జుట్టు కనపడకుండా పెట్టుకునే విగ్గు ముంగురుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. గుస్తా నిష్ఠ పేటలో సామెత. షబ్బాత్‌లో కాగితం చింపకూడదని, దొడ్డికి కావాల్సిన కాగితం ముక్కలు కూడా గురువారమే చింపి పెట్టుకునే మనిషని ఆడవాళ్ళు చెప్పుకుని నవ్వుకుంటారు. నవ్వుకుంటూనే, తమకు ధర్మసందేహం వస్తే మాత్రం రబ్బీ కంటే ముందు ఆమెనే అడుగుతారు.

పిలవకుండానే వంటింట్లోకి వచ్చి, అలమరాకు వీపు పెట్టి కుర్చీలో కూర్చుంది గుస్తా. అయాలా ఆమెకు తువ్వాలు ఇచ్చి బల్లకు ఆనుకుని నిలబడింది. ఎర్ర చుక్క పెనీనా ఒక్కదానికే ఎదురుగా ఉంది. చెప్పాలని ఆమె నోరు తెరిచింది. నిజంగానే తెరిచింది. తరవాత పేటలో ఎవరెన్ని రకాలుగా చెప్పుకున్నా, ఈ మాట మాత్రం నిజం.

“నువ్వు మాట్లాడకు, నన్ను చెప్పనీ,” అంది గుస్తా. “మగాళ్ళు షూల్లో ఉన్నారు, ఇదే మంచి వేళ అని వచ్చాను. పెద్దదానివి కాబట్టి నీకే చెప్తున్నాను. ఆదివారం సిడ్నీ నుంచి మా అమ్మాయి శిఫ్రాని పెళ్ళిచూపులు చూసుకోవడానికి వస్తున్నారు. రేపు షబ్బాత్ దాటగానే ఆ రాత తీసెయ్యి. తీసేసి, పొరపాటున రాశానని ఇంకోటి రాయి.”

“తీసేస్తాను. మీ అబ్బాయి చేత ఆ కాగితం ఇప్పించండి, ఇప్పించిన గంటలో తీసేస్తాను.”

“నాతోనే బేరాలా?”

“నాలుగేళ్ళ నుంచి బేరాలాడుతున్నది మీరు. చూసి చూసి నాకూ వచ్చింది.”

గుస్తా తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. “దేశదేశాల ఆడవాళ్ళకి కాపురాలు ఎలా చెయ్యాలో చెప్తావు. సొంత చెల్లెలి కాపురం నిలబెట్టలేకపోయావు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఊరికే అన్నారా?”

చెప్పబోయిన మాటని పెనీనా అక్కడే మింగేసింది. విననీ, అనుకుంది. నాలుగేళ్ళుగా నా చెల్లెల్ని కట్టేసిన శాస్త్రమే ఇవాళ నా చేతులు కట్టేసింది. ఈ ఒక్కసారికి ఆ కట్టు మాకు కలిసొస్తే నేనెందుకు విప్పాలి?

“నా కాపురాన్ని అక్క పాడు చెయ్యలేదు అత్తయ్యగారూ,” అంది అయాలా. ఆమె గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. “ఉన్నవాడు లేచి వెళ్ళిపోయాడు. కాపురం నిలబెట్టాలంటే రెండో మనిషి కూడా ఇంట్లో ఉండాలి కదా.”

“వాణ్ణి ఏమీ అనకు. మీ అక్క రాత చదివిన దగ్గర్నుంచి వాడు లండన్‌లో షూల్‌కి వెళ్ళడమే మానేశాడు. పక్కన ఎవరూ కూర్చోవట్లేదట.”

అయాలా నవ్వింది. “అయ్యో పాపం. పక్కన ఎవరూ కూర్చోకపోతే ఎలా ఉంటుందో నాకేం తెలుసు.”

“వెటకారాలు నేర్చావు.”

“నేర్పించారు. పెళ్ళిళ్ళకి పిలిచి నన్ను విధవరాళ్ళ బల్ల దగ్గర కూర్చోబెడతారు. నేను విధవరాల్ని కాదు, పెళ్ళికాని పిల్లనీ కాదు, మొగుడున్నదాన్నీ కాదు. నాకు మళ్ళీ పెళ్ళీ వద్దు, మొగుడూ వద్దు. నేను ఎవరినో నాకు తెలియాలి, అంతే. ఆ కాగితం ఒక్కటి ఇచ్చేస్తే మీ కాళ్ళకి దణ్ణం పెట్టి మీ వీధి కూడా తొక్కను.”

“ఇవ్వడు,” అంది పెనీనా. “పిరికివాడు ఇవ్వడు. భార్యని వదిలే ధైర్యం ఉంది, వదిలానని నలుగురిలో చెప్పే ధైర్యం లేదు. నేను రాసింది తక్కువే. వచ్చే వారం వాడి ఫోటో కూడా పెడతాను. గెట్ ఇవ్వని మగాడు ఎలా ఉంటాడో లోకం చూడనీ.”

“ఇచ్చాడే,” అని అరిచింది గుస్తా. అరిచి, తన అరుపుకు తానే ఉలిక్కిపడింది. కొవ్వొత్తి మంటలు అటూ ఇటూ ఊగి నిలబడ్డాయి.

తెర మీద అక్షరాలు పరిగెత్తుతున్నాయి, పెనీనా చదవలేదు.

“ఏమిచ్చాడు?” అంది అయాలా.

“ఏమీ లేదు. నోరు జారింది.”

“అత్తయ్యగారూ, షబ్బాత్ దీపాల ముందు కూర్చున్నారు. ఏమిచ్చాడు?”

గుస్తా కళ్ళు కొవ్వొత్తుల మీద నిలిచాయి. అబద్ధం చెప్పాలంటే వేరే రోజు చెప్పగలిగేదేమో. ఆ రోజు, ఆ దీపాల ముందు, ఆమెకు చేతకాలేదు.

“రెండేళ్ళ కిందట, హనుక్కా పండక్కి. లండన్‌లో రబ్బీల ముందు గెట్ రాయించాడు. సిడ్నీలో రబ్బీ జుస్మాన్‌ని దూతగా పెట్టి కాగితం ఆయనకి చేర్పించాడు. ఆయన ఇక్కడికి వచ్చి నీ చేతుల్లో వెయ్యాలి.”

“మరి వెయ్యలేదేం?”

“నేనే ఆగమన్నాను.” గొంతు తగ్గిపోయింది. “నువ్వు మనసు కుదుటపడక సిద్ధంగా లేవని ఆయనకి చెప్పాను. కబురు పంపేదాకా ఉంచమన్నాను. శిఫ్రా పెళ్ళి అయ్యేదాకానే అనుకున్నాను. ఇంట్లో విడాకులున్నాయంటే పిల్లకి సంబంధాలు రావు. మొగుడూ పెళ్ళాలు దూరంగా ఉన్నారంటే ఏదో సర్దుకుంటారులే అనుకుంటారు. విడాకులంటే తలుపులు మూసుకుంటారు.”

“రెండేళ్ళు,” అంది అయాలా.

ఆమె ఏడవలేదు. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు పైకి తిప్పి, వేళ్ళు దగ్గర చేర్చి దోసిలి పట్టింది.

“ఇలా పట్టుకోవాలట. వేళ్ళు ముడుచుకోకూడదట, పడుతుంటే అందుకోబోకూడదట, దానంతట అది పడాలట. ఓర్లీ నిద్రపోయాక అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను అత్తయ్యగారూ. ఆ రోజు వస్తే చేతులు వణికి ఎక్కడ తప్పు చేస్తానోనని. పరీక్షకి చదువుకున్నట్టు నేర్చుకున్నాను. నేను అద్దం ముందు నిలబడ్డప్పుడు ఆ కాగితం సిడ్నీలో సొరుగులో ఉందన్నమాట.”

గుస్తా ఆ చేతుల వైపు చూడలేకపోయింది. చూడలేని మనిషి కోపం తెచ్చుకుంది. మనలో చాలామందిమి చేసేది అదే.

“నాకు తెలీదనుకోకు. మా అక్క ఫెయ్గాకి విడాకులైనప్పుడు నేను నీకంటే చిన్నదాన్ని. అంతకు ముందు మా ఇంటి గడప అరిగేలా తిరిగినవాళ్ళు ఒక్కళ్ళు మళ్ళీ రాలేదు. ఆఖరికి మీ మామగారు చేసుకుంటామన్నారు. ఆయన మంచివాడు. ఆయన మంచివాడు, మంచివాడు అని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకుంటూ బతికాను. నా కోసం ఎవరూ ఇంటర్నెట్‌లో ఏడవలేదు. నా కూతురికి ఆ గతి పట్టకూడదనుకున్నాను. తల్లిని. తప్పా?”

పెనీనాకు జాలేసింది. జాలేసినందుకు మరీ మండిపోయింది. తనకు జరిగింది అన్యాయమని ఇంత బాగా తెలిసిన మనిషి, అదే అన్యాయాన్ని కోడలి మెడకు తగిలించింది. కూతురు ఆడపిల్ల, కోడలు కాదు కాబోలు. పైగా వష్తి వాకిలిలో తాను రాసినదంతా ఒక్క దెబ్బతో తలకిందులైంది. తాళం మొగుడి దగ్గరుందని ఊరూ వాడా ఏకం చేసింది. అది నాలుగు వీధుల అవతల, నిష్ఠగా షబ్బాత్ పాటించే ఆడమనిషి కొంగున ఉంది.

“మరి మీ అబ్బాయి?” అంది పెనీనా. “రెండేళ్ళలో ఒక్కసారి అడగలేదా, అందిందా అని?”

“మగపిల్లాడు. పని అయిపోయిందనుకున్నాడు.”

“పార్సిల్ పంపినవాడు కూడా చేరిందా అని ఫోన్ చేస్తాడు అత్తయ్యగారూ,” అంది అయాలా. దోసిలి ఇంకా దించలేదు. “నా మెడ విప్పాడో లేదో కనుక్కోవడానికి అతనికి తీరిక లేకపోయింది. మీరు కట్టారు సరే. కట్టు ఉందో ఊడిందో వెనక్కి తిరిగి చూడనివాడు కూడా కట్టినవాడే.”

గుస్తా లేచింది. “చూడమ్మాయ్. ఈ మాట ఈ గోడలు దాటకూడదు. ఆదివారం వాళ్ళొచ్చి వెళ్ళనీ. సంబంధం ఖాయమైతే నేనే దగ్గరుండి జుస్మాన్‌ని పిలిపిస్తాను. ఇన్నాళ్ళు ఆగావు, ఇంకొన్నాళ్ళు ఆగలేవా? ముగ్గురు ఆడవాళ్ళం, మనలో మనం.”

“ముగ్గురం కాదు గుస్తాగారూ,” అంది పెనీనా. “వెనక్కి తిరిగి చూడండి.”

గుస్తా తిరిగింది. వంట పుస్తకాల మధ్య తెర వెలుగుతోంది. దాని మీద తన మొహమే, తడిసిన విగ్గుతో, బిత్తరపోయి తననే చూస్తోంది. పక్కన పోస్టరంత అక్షరాలు వరద నీళ్ళలా పైకి పోతున్నాయి. ‘రెండేళ్ళు సొరుగులో పెట్టారా’. ‘జుస్మాన్ గారి ఫోన్ నంబరు ఎవరి దగ్గరుంది’. ‘అయాలా, చేతులు దించకు’. ‘మా అమ్మ కూడా ఇలాగే చేసింది’. చూస్తున్నవాళ్ళ లెక్క చూపించే అంకె పెనీనా ఎన్నడూ చూడనంత పెద్దదై, ఇంకా పెరుగుతోంది.

“ఇదెప్పటి నుంచి?” అంది గుస్తా.

“మీరు రాకముందు నుంచే. ఆపడం మరిచిపోయాను, దీపాలు వెలిగించేశాను. మీకు మొదట్లోనే చెప్పాల్సింది. చెప్పబోయాను, తరవాత చెప్పదలుచుకోలేదు. ఆ తప్పు నాదే.”

“మూసెయ్.”

“షబ్బాత్. నేను ముట్టుకోను. కావాలంటే మీరు మూయండి.”

గుస్తా చెయ్యి చాపింది. ఒక్క తోపుకు మూత పడిపోతుంది. శిఫ్రా సంబంధం, షూల్‌లో తన మొగుడి పెద్దరికం, ఇన్నేళ్ళ పేరు, అన్నీ ఆ మూత కింద దాగిపోతాయి. వేళ్ళు మూత అంచుకు అంగుళం దూరంలో ఆగాయి. కొంచెం సేపటికి ఆ చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

“చెయ్యలేను,” అంది గుస్తా. దేవుడితో చెప్పిందో పెనీనాతో చెప్పిందో తెలియదు.

అప్పుడే ఫోన్ మోగింది.

అది గోడకున్న పాత ఫోన్, పెనీనా తల్లి బతికున్నప్పటిది. షబ్బాత్‌లో మా ఇళ్ళలో ఫోన్ మోగిందంటే చావు కబురైనా అయి ఉండాలి, మా సంగతి తెలియనివాడైనా చేసి ఉండాలి. ఎవరూ కదల్లేదు. మోగి మోగి, కింద ఉన్న మాటలు పట్టే యంత్రం అందుకుంది. ముందు చనిపోయిన తల్లి గొంతు, ‘మేం ఇప్పుడు మాట్లాడలేం’ అని. తరవాత ఒక బీప్. ఆ తరవాత వంటిల్లంతా మగ గొంతు.

“అయాలా. నేను, నదావ్‌ని.”

అయాలా చేతులు కిందికి జారిపోయాయి. నాలుగేళ్ళలో ఆ గొంతు వినడం అదే మొదలు. లండన్‌లో ఇంకా శుక్రవారం పొద్దున్నే, అతనికి షబ్బాత్ ఇంకా రాలేదు.

“ఎవరో లింక్ పంపారు, అంతా చూస్తున్నాను. అమ్మా, నువ్వు చేసింది నాకు తెలీదు. పెనీనా వదినా, విన్నావుగా. నేనిచ్చాను. రెండేళ్ళ కిందటే ఇచ్చాను. లోకం చేత నన్ను తిట్టించావు, ఇక్కడ నా మొహం చూసేవాడు లేకుండా చేశావు.”

అతను ఊపిరి పీల్చుకున్న చప్పుడు కూడా యంత్రంలోంచి వినపడింది.

“సరే, అయిందేదో అయింది. అయాలా, నువ్వక్కడే ఉన్నావు, కనిపిస్తున్నావు. ఫోనెత్తు. ఎత్తి, ‘నదావ్ తప్పేమీ లేదు, మేమే అన్యాయంగా రాశాం’ అని అందరికీ వినపడేలా చెప్పు. చెప్తే మీ షబ్బాత్ దాటగానే జుస్మాన్ వస్తాడు. ఎత్తవా, నా పక్కన ఇద్దరు సాక్షులున్నారు. వాళ్ళ ముందే ఆ దూతని రద్దు చేస్తున్నాను. ఆ కాగితం చిత్తు కాగితం అవుతుంది. నాకు ఆ హక్కుంది, నీకు తెలుసు. ఆలోచించుకో. పెట్టెయ్యను, ఉంటాను.”

వాడు ఏం చేస్తున్నాడో వంటింట్లో ఉన్న ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. ఎత్తితే లోకమంతా చూస్తుండగా అయాలా షబ్బాత్ భంగం చేసినట్టు. సోమవారం ఏ రబ్బీ ముందుకెళ్ళినా, షబ్బాత్‌లో ఫోనెత్తి మాట్లాడిన ఆడదాని మాటకు విలువేమిటంటారు. పిల్లని పెంచడానికి ఈ తల్లి తగదని ఓర్లీని కూడా తమకిచ్చెయ్యమంటారు. ఎత్తకపోతే మెడకు మళ్ళీ మొదటి ముడి. ఇటు ఎత్తినా వాడిదే గెలుపు, అటు ఎత్తకపోయినా వాడిదే. వాడి గొంతులో కోపం కూడా లేదు. హాయిగా ఉంది.

“అక్కా,” అంది అయాలా. బల్ల మీదున్న కాగితం కిరీటం వైపు చూసింది. తరవాత ఫోన్ వైపు ఒక అడుగు వేసింది.

పెనీనా ఆమె భుజం పట్టుకుంది. పట్టుకుని ఆపుతోందో, తోస్తోందో తనకే తెలియలేదు. జీవితంలో ఇంత కోపం, ఇంత చేతకానితనం కలిసి ఆమెకు ఎప్పుడూ రాలేదు.

వాళ్ళిద్దర్నీ ఒక తడి చెయ్యి పక్కకు తప్పించింది. ఇందాక లాప్‌టాప్ మూత ముందు అంగుళం దూరంలో ఆగిపోయిన చెయ్యి అదే. తన పరువు కోసం ముట్టుకోలేకపోయిన చెయ్యి. అది ఈసారి ఆగలేదు.

గుస్తా రిసీవర్ ఎత్తింది.

“అయాలా కాదురా, మీ అమ్మని,” అంది. “నీ పక్కనున్న ఇద్దరు సాక్షుల్నీ దగ్గరికి రమ్మను, వాళ్ళకీ బాగా వినపడాలి. నువ్వు లండన్‌కి ఎందుకు పారిపోయావో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”